ఎవరూ ఎవరికీ బాస్ కాని చోట: అంతరిక్ష పరికరాల సాఫ్ట్‌వేర్ నేర్పిన పాఠాలు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు చేసిందీ కోడింగే, మేం చేసేదీ కోడింగే. తేడా ఏముందండీ?" తేడా కోడ్‌లో లేదు, కొలువులో ఉంది. కంపెనీలో మేనేజర్ ఉంటాడు. జీతం ఒకే చోటి నుంచి వస్తుంది. చెప్పిన పని చేయకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. అంతరిక్షంలోకి వెళ్లే సైన్సు పరికరానికి సాఫ్ట్‌వేర్ రాసే కొలాబరేషన్‌లో ఇవేవీ ఉండవు. పది పదిహేను సంస్థలు, నాలుగైదు దేశాలు, ఎవరి జీతం వాళ్లకి, ఎవరి ప్రొఫెసర్ వాళ్లకి. మధ్యలో 'సమన్వయకర్త' అని ఒకడుంటాడు. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ ఒకడిగానే గడిచింది.

నేను పనిచేసిన బృందాల పేర్లు చెప్పను. అక్కడ ఇంకా పనిలో ఉన్నవాళ్లున్నారు. లోకానికంతా తెలిసిన ఫెర్మీ ఉపగ్రహాన్నే ఎక్కువగా ఉదాహరణగా తీసుకుంటాను. 2008 జూన్ 11న కేప్ కెనావరల్ నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహంలోని ప్రధాన పరికరం లార్జ్ ఏరియా టెలిస్కోప్, గామా కిరణాలను పట్టేది. అందులో 16 టవర్లు, సుమారు 8,80,000 సిలికాన్ పట్టీలు, 1,536 సీసియం అయొడైడ్ స్ఫటికాలు, చుట్టూ 89 పలకల కవచం. అమెరికా, ఇటలీ, ఫ్రాన్స్, జపాన్, స్వీడన్ సంస్థలు తలా ఒక చేయి వేస్తే తయారైంది. ముక్కలన్నీ కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో ఒకటయ్యాయి. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే ముక్కలుగా వచ్చి ఒకటి కావాల్సిందే.

1. ఆజ్ఞ పనిచేయదు, పొద్దున్నే కనిపించే పట్టిక పనిచేస్తుంది

"ఈ శుక్రవారంలోగా సరిచేయండి" అని పీసాలో ఉన్న పోస్ట్‌డాక్‌కి మెయిల్ పెట్టే హక్కు మీకు లేదు. పెట్టినా ఆయన తన ప్రొఫెసర్ మాటే వింటాడు. అందుకని నేను చెప్పే మొదటి మాట: రాత్రికి రాత్రి మొత్తం కోడ్‌ని తిరిగి కట్టి, పరీక్షలు నడిపి, తెల్లవారేసరికి ఫలితాలు అందరికీ కనపడేట్టు పెట్టే ఏర్పాటు అన్నిటికంటే ముందు చేయండి. ఏ ప్యాకేజీ కంపైల్ అయింది, ఏది కాలేదు, ఏ పరీక్ష తప్పింది, చివరిసారి ఎవరు మార్చారు: పచ్చ, ఎరుపు గడుల్లో ఇంతే చాలు.

ఎర్ర గడి పక్కన తన పేరు మూడు రోజులు వరసగా కనిపిస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ మంట మీ మీద కాదు, గడి మీద. నాలుగోరోజుకి అది పచ్చబడుతుంది. ఫెర్మీ బృందం ఇదే పద్ధతి నడిపింది. అప్పట్లో కోడ్ దాచుకోవడానికి సీవీఎస్, ప్యాకేజీలను కూర్చడానికి సీఎంటీ. పైగా లినక్స్, విండోస్ రెండింటి మీదా కట్టేవారు. రెట్టింపు చాకిరీ అనిపిస్తుంది గానీ, ఒక కంపైలర్ చూసీచూడనట్టు వదిలేసిన తప్పుని రెండోది పట్టేస్తుంది. ఇప్పుడు ఆ ప్రోగ్రాంల పేర్లు మారాయి, సీవీఎస్ బదులు గిట్ వచ్చింది. పొద్దున్నే పట్టిక చూసుకునే అలవాటు మాత్రం మారకూడదు.

2. ప్రతి ప్యాకేజీకీ ఇద్దరి పేర్లు రాయండి

పీహెచ్‌డీ విద్యార్థి నాలుగైదేళ్లు ఉంటాడు, పోస్ట్‌డాక్ రెండు మూడేళ్లు. పరికరం ఊహలో పుట్టినప్పటి నుంచి కక్ష్యలో ముసలిదయ్యేదాకా ముప్ఫై ఏళ్లు పట్టొచ్చు. కోడ్ రాసినవాళ్లలో చాలామంది రాకెట్ ఎగిరేనాటికి బ్యాంకుల్లోనో, వేరే ఖండాల్లోనో ఉంటారు. కాబట్టి ప్రతి ప్యాకేజీకీ రాసే మనిషి ఒకరు, చదివి అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు ఉండాలి. ఆ రెండో మనిషి వేరే సంస్థ వాడైతే మరీ మంచిది. వీడ్కోలు విందు రోజున "ఇది నాకొక్కడికే తెలుసు" అని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే కేకు కోయడం ఆపించండి.

3. తప్పులు ఇంట్లో కాదు, సరిహద్దులో పుడతాయి

ఎవరి కోడ్ వాళ్లది బాగానే ఉంటుంది. ఒకరి కోడ్ ఇంకొకరికి అందించే చోటే చిక్కంతా. 1999 సెప్టెంబర్‌లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లి ఎందుకు నాశనమైంది? నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ బల ప్రభావాన్ని పౌండ్-సెకన్లలో రాసింది, దాన్ని చదివిన సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకన్లు అనుకుంది. న్యూటన్-సెకన్లలోనే ఉండాలని ఒప్పందపత్రంలో రాసే ఉంది. రాసి ఉండటం చాలలేదు. ఫైల్‌ని తెరిచి, అంకె పక్కన ప్రమాణాన్ని సరిచూసే పరీక్ష లేకపోయింది.

నేను గోదావరి డెల్టాలో పెరిగినవాణ్ణి. కాలవ ఎగువన తూము కొలత మార్చినవాడికి తన చేను ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది. ఎండేది చివరి ఆయకట్టు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. కణం జాడను గుర్తించే కోడ్‌లో ఎవరో ఒక వేరియబుల్ అర్థం మారుస్తారు. మూడు నెలల తర్వాత, గెలాక్సీల పటం గీసుకునే మనిషి దగ్గర లెక్క తప్పుతుంది. అతనికి కారణం ఎక్కడుందో ఊహకి కూడా అందదు.

అందుకే కొన్ని విషయాలకు ఒక్కటే ఇల్లు ఉండాలి. సిలికాన్ పొరలను పై నుంచి లెక్కపెట్టాలా, కింద నుంచా? సున్నా నుంచా, ఒకటి నుంచా? హార్డ్‌వేర్ వాళ్లకొక అలవాటు, విశ్లేషణ వాళ్లకొక అలవాటు. ఫెర్మీలో పరికరం కొలతలన్నీ ఎక్స్ఎంఎల్ ఫైళ్లలో ఒకే చోట పెట్టారు. సిమ్యులేషన్, సంకేతాల నుంచి కణం జాడను తిరిగి కట్టే పునర్నిర్మాణం, బొమ్మ చూపించే ప్రోగ్రాం అన్నీ అక్కడి నుంచే చదివేవి. కాలానికీ అంతే. 2001 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు అని ఒక్కటే లెక్క. లీప్ సెకన్ల గురించి ఎవరి తెలివితేటలు వాళ్లు చూపించుకునే అవకాశం ఇవ్వకూడదు.

4. రెండు వంశాలుంటాయి, రెండింటికీ పీట వేయండి

గామా కిరణాల పరికరం అంటే లోపల కణ భౌతికశాస్త్రం, బయట ఖగోళశాస్త్రం. కణాల వాళ్లు సెర్న్‌లో 1990లలో పుట్టిన రూట్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెరిగారు. ప్రతి సంఘటనకీ, అంటే పరికరంలో కణం తగిలిన ప్రతిసారీ, వందల సంఖ్యలు దాచుకుంటారు. ఖగోళం వాళ్లు 1980ల మొదటి నుంచీ ఫిట్స్ ఫైళ్లే వాడుతున్నారు. వాళ్లకి కావలసింది ఈ ఫోటాన్ ఏ దిక్కు నుంచి, ఎంత శక్తితో, ఎప్పుడు వచ్చిందన్నది మాత్రమే. మొదటి సమావేశంలో ఇద్దరూ అవతలివాళ్ల పద్ధతి పాతరాతియుగపుదంటారు.

ఎవరు గొప్పో తేల్చే పని పెట్టుకోకండి. పరికరానికి దగ్గరగా ఉన్న లోపలి పని రూట్‌లో, బయటి లోకానికి ఇచ్చేది ఫిట్స్‌లో, రెండింటి మధ్య ఒకే ఒక వంతెన: ఫెర్మీలో కుదిరిన రాజీ ఇది. ఆ వంతెన ప్రోగ్రాం ఎవరూ మోజుపడి రాయరు, దాని మీద ఎవరికీ పేరు రాదు. మీ బృందంలో అందరికంటే నిదానమైన, రెండు వైపులా మాట చెల్లే మనిషికి అది అప్పగించండి. ఫిట్స్‌ని కాపాడుకుంటున్నవాళ్లు పాటించే నియమం కూడా నేర్చుకోదగ్గదే: ప్రమాణంలో ఏ మార్పు చేసినా నిన్నటి ఫైల్ రేపు చెల్లకుండా పోకూడదు.

5. ఉపగ్రహం ఎగరకముందే ఆకాశాన్ని ఒకసారి చూసేయండి

ఈ వ్యాసంలో ఒక్క పాఠమే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. డేటా వచ్చాక సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసుకోవచ్చు అనుకునేవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు. వాళ్లతో వాదించి గెలవలేరు. వాళ్లకి డేటా ఇచ్చేయాలి, అంతే.

ఫెర్మీ వాళ్లు 'డేటా ఛాలెంజ్' పేరుతో చేసిన పని అదే. జియాంట్-4 సిమ్యులేషన్‌తో నకిలీ ఆకాశం సృష్టించారు. 2006లో జరిపిన రెండో ఛాలెంజ్‌లో ఏకంగా 55 రోజుల పరిశీలనను కంప్యూటర్‌లో పుట్టించారు. పల్సార్లు, క్వేజార్లు, గామా విస్ఫోటాలు, వాటి వెనుక పాలపుంత వెలుగు, కాస్మిక్ కిరణాల చెత్త అన్నీ కలిపారు. ఆ ఆకాశంలో ఏయే మూలాలు ఎక్కడున్నాయో విశ్లేషించే వాళ్లకి చెప్పలేదు. నిజమైన డేటా వచ్చినట్టే వెతుక్కోమన్నారు. ఆఖర్న అందరూ కూర్చుని, దొరికినవీ దొరకనివీ, లేకపోయినా దొరికినట్టనిపించినవీ అసలు జాబితాతో పోల్చుకున్నారు.

దీనివల్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు బయటపడతాయన్నది చిన్న లాభం. పెద్ద లాభాలు వేరే ఉన్నాయి. డాక్యుమెంట్లు చదివి ఎవరికీ అర్థం కాలేదన్న సంగతి బయటపడుతుంది. రెండు బృందాలు ఒకే పని చేస్తున్నాయని తెలుస్తుంది. ఒక పని ఎవరూ చేయడం లేదని కూడా తెలుస్తుంది. అన్నిటికీ మించి, మెయిల్‌లో కత్తులు దూసుకున్న ఇద్దరు ఒకే పల్సార్ కోసం వెతుకుతూ స్నేహితులవుతారు. దీన్ని ఏ పరీక్షా పట్టికలోనూ చూపించలేం.

మొదటిసారి చిన్నగా చేయండి, ఒక్క రోజు ఆకాశం చాలు. రెండోసారి పెద్దది. ముగింపు తేదీ మాత్రం ముందే ప్రకటించండి, ఎవరు బతిమాలినా జరపకండి.

6. పైన నడిచే కోడే కింద కూడా నడవాలి

కక్ష్యలో నడిచే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, నేల మీద నడిచేది రాసేవాళ్లు వేర్వేరు లోకాల్లో బతుకుతారు. పైన ఉన్న ప్రాసెసర్ మీ ఫోన్ కంటే నెమ్మది. మెమరీ తక్కువ. మార్పు పంపాలంటే పది సంతకాలు. ఫెర్మీ పరికరంలో సెకనుకు రెండు వేలకు పైగా సంఘటనలు నమోదవుతాయి. అన్నిటినీ కిందికి పంపడం కుదరదు కాబట్టి పైనే ఒక వడపోత ప్రోగ్రాం నాలుగైదు వందలకు తగ్గిస్తుంది. ఆఖరికి నిజమైన గామా కిరణాలుగా తేలేవి సెకనుకు కొద్ది మాత్రమే. ఆ వడపోత ఏం వదిలేస్తోందో నేల మీద తెలియకపోతే మీ లెక్కలన్నీ గాలిలో మేడలే. అందుకే ఆ వడపోత కోడ్‌ని అదే రూపంలో నేల మీది సిమ్యులేషన్‌లోనూ నడపాలి. 'ఇంచుమించు అలాగే' ఉండే నకలు రాయబోతే వద్దనండి.

ఒక చోట పనికొచ్చిన కోడ్ ఇంకో చోట పనికొస్తుందనే ధీమా కూడా వద్దు. 1996 జూన్ 4న ఏరియాన్-5 తొలి రాకెట్ ఎగిరిన నిమిషంలోపే ముక్కలైంది. ఏరియాన్-4 నుంచి తెచ్చిన కోడ్ 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో కుక్కబోయింది. కొత్త రాకెట్ వేగానికి ఆ సంఖ్య అందులో పట్టలేదు. దాంతో పాటు క్లస్టర్ అనే నాలుగు సైన్సు ఉపగ్రహాలూ పోయాయి. వాటిని మళ్లీ కట్టి పంపేసరికి 2000 వచ్చింది.

అంకెల పట్టికలు కూడా కోడే. 2016లో జపాన్ వారి హితోమి ఉపగ్రహం ఐదారు వారాలకే అదుపు తప్పి గిరగిరా తిరిగి విరిగిపోయింది. ఆ వరస తప్పుల్లో ఒకటి, థ్రస్టర్ల కోసం పంపిన అంకెలు తప్పు కావడం. పంపే ముందు వాటిని సరిగా పరీక్షించలేదు. ప్రోగ్రాంకి పెట్టే పరీక్షలన్నీ దాని పక్కనుండే పట్టికకీ పెట్టండి.

7. ముడి డేటాని పారేయకండి, వెర్షన్ నంబర్ లేని ఫలితాన్ని నమ్మకండి

ఎంత రిహార్సల్ చేసినా కక్ష్యలో ఒక ఆశ్చర్యం ఉంటుంది. ఫెర్మీకి అది 'ఘోస్ట్'ల రూపంలో వచ్చింది. గామా కిరణం రావడానికి కాస్త ముందు ఒక కాస్మిక్ కిరణం దూసుకుపోతే, దాని సంకేతం ఎలక్ట్రానిక్స్‌లో ఇంకా పూర్తిగా చల్లారదు. రెండూ కలిసి నమోదవుతాయి. దాంతో నిఖార్సైన గామా కిరణాన్ని కూడా సాఫ్ట్‌వేర్ చెత్త అనుకుని పక్కన పెడుతుంది. ప్రయోగానికి ముందటి సిమ్యులేషన్‌లో ఇది లేదు.

వాళ్లని కాపాడినవి రెండు. ఒకటి, ఏ కణం వచ్చినా రాకపోయినా క్రమం తప్పకుండా పరికరం స్థితిని నమోదు చేసే ఏర్పాటు ముందే ఉంది. ఆ నమోదుల్లోని నిజమైన చెత్తని సిమ్యులేషన్‌లో పుట్టించిన గామా కిరణాల మీద పరచి, నష్టం ఎంతో లెక్కగట్టారు. రెండోది, ముడి డేటా మొత్తం భద్రంగా ఉంది. అందువల్ల 2011లో పాస్ 7 అనే మెరుగుపరచిన డేటా వెర్షన్ వచ్చింది. తర్వాత పునర్నిర్మాణ కోడ్‌ని మూలం నుంచి తిరగరాసి, ప్రయోగం నాటి నుంచి ఉన్న డేటానంతా మళ్లీ నడిపి, 2015లో పాస్ 8 ఇచ్చారు. ఉపగ్రహంలో ఒక్క మరా మార్చకుండానే, అంతకు ముందుకంటే ఎక్కువ గామా కిరణాలు, ఇంకా విశాలమైన శక్తి పరిధి చేతికొచ్చాయి.

ఇదంతా జరగాలంటే ప్రతి ఫైల్ తన పుట్టుపూర్వోత్తరాలు మోయాలి: ఏ కోడ్ వెర్షన్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లే క్యాలిబ్రేషన్ అంకెలు, ఏ ముడి ఫైల్. అవి లేని గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా, "దీన్ని మళ్లీ గీయగలవా నాయనా?" అని అడగండి. గీయలేకపోతే తెర మీద నుంచి తీసేయమనండి.

8. అందరినీ సమానంగా ఇబ్బంది పెట్టే వేళ ఎంచుకోండి

వేసవిలో కాలిఫోర్నియాలో పొద్దున్న ఎనిమిది అంటే ఇటలీలో సాయంత్రం ఐదు, జపాన్‌లో అర్ధరాత్రి. ఏడాదంతా అదే వేళ పెడితే జపాన్ వాళ్లు ఏడాదంతా నిద్ర చెడగొట్టుకోవాలి. కొన్నాళ్లకి వాళ్లు రావడం మానేస్తారు. అలిగారని కూడా చెప్పరు. వేళ తిప్పుతూ ఉండండి, మీ నిద్ర కూడా చెడనివ్వండి. మార్చిలో జాగ్రత్త: అమెరికా గడియారం ముందు జరుగుతుంది, యూరప్ గడియారం నెలాఖరుకి జరుగుతుంది, జపాన్‌ది కదలనే కదలదు. ఆ వారాల్లో సగం మంది ఖాళీ లైన్‌లో హలో హలో అంటుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, నిర్ణయం ఫోన్‌లో జరగకూడదు. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లు ఫోన్‌లో గెలుస్తారు. మనలాంటి వాళ్లం వాక్యం కూర్చుకునేలోపు చర్చ ముందుకి పోతుంది. ప్రతిపాదన ముందుగా రాసి పంపాలి, సమావేశం తర్వాత రెండు రోజులు అభ్యంతరాలకు గడువివ్వాలి. మాటలో నోరు విప్పని వాళ్ల దగ్గర నుంచి రాతలో వచ్చిన అభ్యంతరాలే నాకు ఎక్కువసార్లు పనికొచ్చాయి.

9. 'ఇంకొంచెం బాగు' దగ్గర తలుపు వేయండి

ప్రయోగాలు వాయిదా పడతాయి. ఫెర్మీ కూడా మొదట అనుకున్న తేదీకి ఎగరలేదు. వాయిదా పడుతుందిలే అని నమ్ముకుని కోడ్ రాయకూడదు. ఒక తేదీ దాటాక తప్పులు సరిచేయడమే తప్ప కొత్త హంగులు లోపలికి రానివ్వకండి. ప్రయోగానికి నెల ముందు అద్భుతమైన ఆలోచన పట్టుకొచ్చేది సాధారణంగా బృందంలోకెల్లా తెలివైన మనిషే. అతని ఆలోచనకి తర్వాతి వెర్షన్‌లో చోటు రాసిపెట్టి, టీ తాగించి పంపండి.

10. కోడ్ రాసినవాడి పేరు కోసం పోట్లాడండి

పెద్ద కొలాబరేషన్ల పేపర్లలో పేర్లు అక్షరక్రమంలో వందలకొద్దీ ఉంటాయి. పల్సార్ కనిపెట్టిన పేపర్‌ని సమావేశంలో చదివే అవకాశం విశ్లేషించినవాళ్లకి వస్తుంది. వాళ్ల చేతికి ఫోటాన్ జాబితా అందడానికి కారణమైన కుర్రాడు ఆ అక్షరక్రమంలో ఎక్కడో మునిగిపోతాడు. ఉద్యోగాల కమిటీ ముందు "నువ్వేం కనిపెట్టావ్?" అంటే చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. అప్పుడతను కంపెనీకి వెళ్లిపోతాడు, మనం మనుషులు నిలవడం లేదని వాపోతాం.

దీనికి చేయగలిగినవి ఉన్నాయి. పరికరం గురించి, పద్ధతుల గురించి విడిగా పేపర్లు రాయించండి, అందులో వీళ్లని ముందు నిలపండి. సమావేశాల్లో వక్తల్ని ఎంపిక చేసే సంఘంలో సాఫ్ట్‌వేర్ మనిషి ఒకరుండేలా చూడండి. సిఫారసు ఉత్తరం మీరే రాయండి. "మంచి ప్రోగ్రామర్" అని రాయకండి, అది వాళ్లకి చేటు. వాళ్ల కోడ్ లేకపోతే ఏ ఫలితం వచ్చేది కాదో పేరు పెట్టి రాయండి.

11. మీ కోడ్ వాడబోయే మనిషి మీ గదిలో లేడు

ఫెర్మీ మొదటి ఏడాది దాటాక, 2009 నుంచి, గామా కిరణాల డేటాని అందరికీ ఇచ్చేశారు. విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌తో సహా. ఇప్పుడు ఏ ఊళ్లో విద్యార్థి అయినా ల్యాప్‌టాప్‌లో దించుకుని పని మొదలుపెట్టొచ్చు. మన దగ్గరా అంతే. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ పరికరాలను ముంబయిలోని టీఐఎఫ్ఆర్, పుణెలోని ఐయూకా, బెంగళూరులోని ఐఐఏ వంటి సంస్థలు, కెనడా, బ్రిటన్ భాగస్వాములతో కలిసి తయారుచేశాయి. డేటా బెంగళూరు దగ్గర బ్యాలాలుకి దిగి, అక్కడి నుంచి ఒక్కో పరికరం కేంద్రానికి వెళ్లి, దశలవారీగా శుద్ధి అయి, ఫిట్స్ ఫైళ్లుగా బయటికొస్తుంది. వాటిని తెరిచే మనిషి మీకు ఫోన్ చేసి అడగలేడు. కాలమ్ పేరు, ప్రమాణం, ఒక చిన్న ఉదాహరణ: ఆ మనిషికి ఇవే సమన్వయకర్త.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే తెలుగు పిల్లలకి నేను చెప్పేదొక్కటే. చేరిన మొదటి వారంలో హోదా అడగకండి, కొత్త డిజైన్ గీయకండి. బృందం ప్రచురించిన ఒక గ్రాఫ్ ఎంచుకుని, ముడి ఫైల్ దగ్గర నుంచి మొదలుపెట్టి దాన్ని మళ్లీ గీయడానికి ప్రయత్నించండి. దారిలో ఆగిపోయిన ప్రతిచోటా ఏం తెలియక ఆగిపోయారో, ఎవరిని అడిగితే తెలిసిందో రాసుకోండి. ఆ కాగితాన్ని తర్వాతి సమావేశంలో అందరి ముందూ పెట్టండి. మీరు ఎవరికీ బాస్ కాకపోయినా, ఆ రోజు నుంచి మీ మాట వింటారు.